మనసు గురించిన ప్రశ్న కేస్ షీట్‌లోకి రావాలి: క్యాన్సర్ ఆసుపత్రులకు ఒక బహిరంగ లేఖ

క్యాన్సర్ ఆసుపత్రుల నిర్వాహకులకు, అక్కడ చికిత్సను నిర్ణయించే వైద్యులకు,

నమస్కారం.

నేను క్యాన్సర్ రోగులతోనూ వారి కుటుంబాలతోనూ పనిచేసే సోషల్ వర్కర్‌ని. కణితి పరిమాణం, జబ్బు దశ, రక్తపరీక్షల ఫలితాలు, ఇచ్చిన మందు మోతాదు, దాని దుష్ఫలితాలు ఇవన్నీ వివరంగా నమోదయ్యే కేస్ షీట్‌లో, ఆ మనిషికి రాత్రిళ్ళు నిద్ర పడుతోందా, దేనికి భయపడుతున్నారు, ఇంట్లో చూసుకునేవారు ఉన్నారా, వచ్చే విడత చికిత్సకు రాగలిగే స్థితిలో ఉన్నారా అన్న సంగతులకు చాలాచోట్ల ఒక్క గడి కూడా ఉండదు. ఈ లేఖలో నేను అడగదలచుకున్నది ప్రధానంగా ఒక్క విషయం. రోగి మానసిక, సామాజిక స్థితిని అడిగి తెలుసుకోవడం చికిత్సలో భాగం కావాలి, అలా అడిగిన తర్వాత వచ్చే జవాబుకు బాధ్యత వహించే మనిషి ఆసుపత్రి సిబ్బందిలో ఒకరు ఉండాలి. అడిగేవారు లేకుండా కౌన్సెలర్‌ను నియమించినా, కౌన్సెలర్ లేకుండా ప్రశ్నపత్రాలు పంచినా ఫలితం దాదాపు శూన్యమే.

"రోగి అడిగితే ఏర్పాటు చేస్తాం" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. రోగులు అడగరు. గంటల తరబడి వేచి ఉన్నాక దొరికిన కొద్ది నిమిషాల్లో స్కాన్ రిపోర్టు గురించి అడగాలా, దిగులు గురించి అడగాలా అంటే ఎవరైనా స్కాన్ గురించే అడుగుతారు. గుండె దిటవు లేని మనిషి అనుకుని డాక్టరు గారు మందు ఆపేస్తారేమోనని సందేహించేవారున్నారు. పక్కన కొడుకో భార్యో కూర్చుని ఉండగా వారి ఎదుట నోరు విప్పలేనివారున్నారు. అసలు ఇది క్యాన్సర్ డాక్టరుకు చెప్పుకోవలసిన విషయమని తెలియనివారే వీరందరికంటే ఎక్కువ. పైగా బాగా కుంగిపోయిన మనిషికి అడిగితే మేలు జరుగుతుందన్న నమ్మకం కూడా పోతుంది కాబట్టి, సహాయం ఎవరికి అత్యవసరమో వారే అడగడంలో అందరికంటే వెనుకబడతారు. అడిగినవారికే సహాయం అనే పద్ధతి పాటించినంతకాలం ఆ సహాయం కాస్త ధైర్యమున్నవారికీ, చదువుకున్నవారికీ మాత్రమే అందుతుంది.

ఇది కొద్దిమంది సమస్య కాదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 2 కోట్ల మందికి కొత్తగా క్యాన్సర్ నిర్ధారణ అయిందనీ, 97 లక్షల మంది దానితో మరణించారనీ, నిర్ధారణ జరిగి ఐదేళ్ళు దాటకుండా జీవించి ఉన్నవారు 5 కోట్ల 35 లక్షల మంది అనీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం అంచనా వేసింది. వీరిలో మానసికంగా దెబ్బతినేవారు ఎందరన్న ప్రశ్నకు 2011లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ జవాబు చెప్పింది. క్యాన్సర్ విభాగాల్లో చికిత్స పొందుతున్న 10,071 మందిపై 14 దేశాల్లో, ముఖాముఖి ఇంటర్వ్యూల ద్వారా జరిగిన 70 అధ్యయనాలను కలిపి చూస్తే డిప్రెషన్ సుమారు 16 శాతం మందిలో, ఆందోళన రుగ్మత సుమారు 10 శాతం మందిలో, పరిస్థితికి సర్దుకోలేక కలిగే రుగ్మత సుమారు 19 శాతం మందిలో కనబడింది. ఏదో ఒక రూపంలో ఇటువంటి ఇబ్బంది ఉన్నవారు 30 నుంచి 40 శాతం దాకా ఉంటారని ఆ విశ్లేషకులు తేల్చారు. అంటే మీ ఓపీ బయట కూర్చున్నవారిలో దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరు. రక్తహీనత ఇంతమందిలో ఉంటే చూడకుండా వదిలేసే వైద్యులు ఉండరు.

ఇక్కడ చాలామంది వైద్యులు మంచి మనసుతోనే ఒక మాట అంటారు. క్యాన్సర్ వచ్చిందని తెలిస్తే దిగులు పడని మనిషి ఉంటారా, అది సహజమే కదా అని. సహజమేనని నేనూ ఒప్పుకుంటాను. శస్త్రచికిత్స తర్వాత నొప్పి రావడం కూడా సహజమే, అయినా దానికి మందు ఇస్తున్నాం. సహజమైనదాన్ని చికిత్స చేయనక్కర లేనిదిగా భావించడమే అసలు చిక్కు. వార్త విన్న కొత్తలో ఏడవడం, కోపం రావడం, నమ్మలేకపోవడం, నిద్ర పట్టకపోవడం చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి. మనవాళ్ళు పక్కన ఉంటే, చికిత్స ఏమిటో స్పష్టంగా తెలిస్తే ఇంకా త్వరగా తగ్గుతాయి. కానీ కొందరిలో అది తగ్గదు. దేని మీదా ఆసక్తి లేకపోవడం, తాను ఇంట్లోవారికి భారమన్న ఆలోచన, చేసిన పాపం అనుభవిస్తున్నానన్న అపరాధ భావం, రేపటి గురించి ఏ ఆశా లేకపోవడం రోజూ ఉంటూ, వారాల తరబడి కొనసాగితే అది డిప్రెషన్. దానికి చికిత్స ఉంది, ఆ చికిత్స క్యాన్సర్ ఉన్నవారిలో కూడా పనిచేస్తుంది.

దీన్ని గుర్తించడం తేలిక కాదన్నది నిజమే. ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, నీరసం, నిద్రలేమి డిప్రెషన్ లక్షణాలే, కీమోథెరపీ దుష్ఫలితాలు కూడా అవే. 1983లో జిగ్మండ్, స్నెయిత్ అనే ఇద్దరు మానసిక వైద్యులు ఆసుపత్రి రోగుల కోసం 14 ప్రశ్నల కొలమానాన్ని తయారు చేసినప్పుడు ఈ శారీరక లక్షణాలను కావాలనే వదిలిపెట్టి, మనసుకు సంబంధించినవే అడిగారు. దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు కూడా ఉంది. వాంతులు తగ్గడానికి ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు నిద్రను చెడగొట్టి మనిషిని చిరాకుగా, కొన్నిసార్లు విపరీతమైన ఉద్రేకంతో ఉండేలా చేస్తాయి. మెడకు రేడియేషన్ తీసుకున్నవారిలో థైరాయిడ్ మందగించి దిగులులా కనిపించవచ్చు. వార్డులో కదలకుండా, మాట్లాడకుండా పడుకున్న వృద్ధుడు కుంగిపోయాడనుకుంటాం, తీరా చూస్తే అది ఇన్ఫెక్షన్ వల్లనో, రక్తంలో కాల్షియం పెరగడం వల్లనో వచ్చిన అయోమయ స్థితి (డెలీరియం) అయి ఉంటుంది. అందువల్ల ఈ పని కేవలం సానుభూతితో కూడిన మాటలతో అయిపోయేది కాదు, వైద్య పరిజ్ఞానం ఉన్నవారు చేయవలసినది. ఊరి చివర ఎక్కడో ఉన్న మానసిక వైద్యుడి దగ్గరకు చీటీ రాసి పంపితే సరిపోదనడానికి కూడా కారణం ఇదే. రొమ్ము క్యాన్సర్‌కు టమాక్సిఫెన్ వాడుతున్నవారికి పారోక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్ వంటి డిప్రెషన్ మందులు ఇస్తే, టమాక్సిఫెన్‌ను శరీరంలో చురుకైన రూపంలోకి మార్చే ఎంజైమును అవి అడ్డుకుంటాయి. వేరే మందులు ఉన్నాయి. కానీ ఆ ఎంపిక సరిగా జరగాలంటే ఇద్దరు వైద్యులూ ఒకే కేస్ షీట్ చూడాలి.

అడగడానికి కావలసిన సాధనం కొత్తగా కనిపెట్టనక్కరలేదు. 1977లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో క్యాన్సర్ రోగుల కోసం ప్రత్యేక మానసిక వైద్య సేవను ప్రారంభించిన జిమ్మీ హాలండ్, ఆమె సహచరులు 1990ల చివర్లో ఒక చిన్న పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. కాగితం మీద థర్మామీటర్ బొమ్మ ఉంటుంది. గడచిన వారంలో ఈ రోజుతో సహా మీ మనోవ్యథ ఎంత ఉందో 0 నుంచి 10 దాకా ఒక అంకె చుట్టూ సున్నా చుట్టమంటారు. దాని పక్కనే డబ్బు, ప్రయాణం, పిల్లల సంరక్షణ, నిద్ర, నొప్పి, భయం, విశ్వాసాలకు సంబంధించిన సందేహాలు వంటి సమస్యల పట్టిక ఉంటుంది, వర్తించేవాటికి టిక్కు పెట్టాలి. అంకె 4 లేదా అంతకంటే ఎక్కువ వస్తే తప్పనిసరిగా ఒకరు కూర్చుని మాట్లాడాలి. మొత్తం రెండు మూడు నిమిషాల పని. చదవలేనివారికి నర్సు చదివి వినిపించవచ్చు. నాకు ఇందులో నచ్చేది ఆ అంకెకంటే పక్కనున్న పట్టికే. అంకె 8 వేసిన మనిషికి కావలసింది ఒక్కోసారి మాత్ర కాదు, చికిత్స జరిగినన్ని రోజులు ఉండడానికి ఒక గది అని ఆ పట్టిక చూస్తే తెలుస్తుంది.

అయితే కాగితం నింపించి ఫైలులో పెట్టేయడం, జ్వరం చూసి మందు ఇవ్వకుండా వెళ్ళిపోవడం లాంటిది. ఆసుపత్రి గుర్తింపు తనిఖీల కోసం ప్రశ్నపత్రాలు నింపించి ఊరుకునేచోట్లు ఉన్నాయి. అది అసలు అడగకపోవడం కంటే అన్యాయం, ఎందుకంటే ఒకసారి మనసు విప్పి రాసినా ఎవరూ పట్టించుకోకపోతే ఆ మనిషి మరోసారి రాయరు. అడిగిన తర్వాత ఏం చేస్తే ఫలితం ఉంటుందో చూపించిన పరిశోధన కూడా మన ముందుంది. స్కాట్లాండ్‌లో మూడు క్యాన్సర్ కేంద్రాల్లో తీవ్ర డిప్రెషన్ ఉన్న 500 మందిపై జరిగిన అధ్యయనం 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. సగం మందికి మామూలుగా అందే వైద్యమే అందింది. మిగతా సగం మందికి ప్రత్యేక శిక్షణ పొందిన క్యాన్సర్ నర్సులు, వారిని పర్యవేక్షించే మానసిక వైద్యులు, రోగి సొంత కుటుంబ వైద్యుడు కలిసి ఒక పద్ధతి ప్రకారం చికిత్స చేశారు. నర్సు నాలుగు నెలల్లో గరిష్ఠంగా పదిసార్లు రోగితో కూర్చుని, సమస్యలను ఒక్కొక్కటిగా విడదీసి పరిష్కరించుకోవడం, ఆగిపోయిన పనులను మళ్ళీ మొదలుపెట్టడం నేర్పింది, మందు పనిచేస్తోందో లేదో కనిపెట్టి చూసింది. 24 వారాల తర్వాత డిప్రెషన్ సగానికి సగమైనా తగ్గినవారు ఈ జట్టులో 62 శాతం, మామూలు వైద్యం అందినవారిలో 17 శాతం. ఇంత తేడా చూపించే మందు ఏదైనా బజారులోకి వస్తే మీరు ఈపాటికి వాడుతూ ఉండేవారు.

ఎప్పుడెప్పుడు అడగాలి అన్నది కూడా ముఖ్యమే. నిర్ధారణ రోజుల్లో, చికిత్స మొదలైనప్పుడు, మందు మార్చినప్పుడు, జబ్బు తిరగబెట్టినప్పుడు, ఇక జబ్బును నయం చేసే చికిత్స లేదని చెప్పవలసి వచ్చినప్పుడు అడగాలని సులువుగానే ఒప్పుకుంటారు. వీటిలో మొదటిదాని గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. 2012లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన స్వీడన్ అధ్యయనం ప్రకారం, క్యాన్సర్ లేనివారితో పోలిస్తే, నిర్ధారణ జరిగిన మొదటి వారంలో ఆత్మహత్య ప్రమాదం 12 రెట్లకు పైగా ఉంది, మొదటి ఏడాది మొత్తం మీద 3 రెట్లు ఉంది. సంఖ్యలో అటువంటి మరణాలు చాలా తక్కువే, ఎవరూ కంగారు పడనక్కరలేదు. కానీ మనం కౌన్సెలింగ్‌కు తేదీ ఇచ్చేది చాలాసార్లు మొదటి కీమో అయ్యాకే. రిపోర్టు చేతికి వచ్చిన రోజే, ఆ మనిషి ఇంటికి వెళ్ళేలోపే, ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఎలా ఉందని అడగాలి, ఫోన్ చేయడానికి ఒక నంబరు ఇవ్వాలి, రెండు మూడు రోజుల్లో తామే ఫోన్ చేయాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన కలిగించినవారం అవుతామన్న భయం చాలామంది సిబ్బందికి ఉంటుంది. అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుంటారు.

ఎవరూ ఊహించని సమయం మరొకటి ఉంది, అది చికిత్స ముగిసిన తర్వాతి కాలం. చివరి రేడియేషన్ అయిపోయిన రోజు అందరూ అభినందిస్తారు. నెలల తరబడి వారానికి ఇన్నిసార్లు చూసిన నర్సులు, డాక్టర్లు ఒక్కసారిగా మాయమవుతారు, తర్వాతి ఫాలో-అప్ మూడు నెలలకు. బంధువులు ఇక అంతా మామూలైనట్టే భావిస్తారు. అప్పుడే, చికిత్స జరుగుతున్నంతకాలం ఆలోచించడానికి తీరిక లేని మనసు ఆలోచించడం మొదలుపెడుతుంది. తలనొప్పి వస్తే మెదడుకు పాకిందేమో, దగ్గు వస్తే ఊపిరితిత్తులకు పాకిందేమో అన్న భయం, స్కాన్ తేదీ దగ్గరపడే కొద్దీ తిండి సయించకపోవడం, నిద్ర పట్టకపోవడం. జబ్బు తిరిగి వస్తుందన్న ఈ భయం కోలుకున్నవారిలో అత్యంత సాధారణమైన ఇబ్బంది. దానికి భరోసా మాటలు పనిచేయవు, పదేపదే పరీక్షలు చేయించినా తగ్గదు. ఏ లక్షణం ఎన్ని వారాలుంటే ఆసుపత్రికి రావాలో, దేన్ని వదిలేయవచ్చో కాగితం మీద స్పష్టంగా రాసి ఇవ్వడం ఒక మేలు. భయం వచ్చినప్పుడు దాని వెంట పరుగెత్తకుండా ఉండడం నేర్పే కౌన్సెలింగ్ మరో మేలు. డిశ్చార్జ్ సమ్మరీలో మందుల పట్టిక కింద ఈ నాలుగు వాక్యాలకు చోటు లేకపోవడం నాకు ఏనాటికీ అర్థం కాని విషయం.

రోగికి నిజం చెప్పడం గురించి నేను రాయకుండా ఉండలేను. "ఆమెకు మాత్రం చెప్పకండి డాక్టరు గారూ" అని కుటుంబం గది బయట ఆపి బతిమాలుకుంటుంది. ఆ మాట వెనుక ప్రేమే ఉంది, దాన్ని చిన్నచూపు చూడకూడదు. కానీ జుట్టు రాలుతున్న మనిషికి, రేడియేషన్ విభాగం బోర్డు కింద కూర్చున్న మనిషికి తనకేమైందో తెలియదని అనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. ఆమెకు తెలుసు, తనకు తెలుసునని పిల్లలకు తెలియకూడదని ఆమె దాస్తుంది, ఆమెకు తెలియకూడదని పిల్లలు దాస్తారు. ఒకే ఇంట్లో ఉండి ఎవరి దుఃఖం వారు ఒంటరిగా మోస్తారు. చెడువార్త ఎలా చెప్పాలో నేర్పే ఆరు మెట్ల పద్ధతి 2000లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. ముందు ఏకాంతంగా కూర్చునే చోటు చూడడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో అడగడం, ఎంత తెలుసుకోదలచుకున్నారో అడగడం, ఆ తర్వాతే చెప్పడం, చెప్పాక వచ్చే భావోద్వేగానికి చోటివ్వడం, చివరికి ముందున్న దారిని కలిసి నిర్ణయించుకోవడం. ఇందులో కీలకమైనది మూడో మెట్టు. వినకూడదనుకునే హక్కు కూడా రోగిదే, కానీ ఆ మాట రోగి నోటి నుంచి రావాలి. కుటుంబాన్ని ముందు విడిగా కూర్చోబెట్టి, వారి భయమేమిటో అడిగి, రోగి తానుగా అడిగితే మాత్రం మేము అబద్ధం చెప్పలేమని మర్యాదగా వివరించడానికి ఒక అరగంట పడుతుంది. ఆ అరగంట వైద్యుడి దగ్గర లేకపోతే, దాన్ని కేటాయించగల మనిషిని నియమించమనే నా విన్నపం.

"ధైర్యంగా ఉండండి, ధైర్యమే సగం మందు" అని మనం అలవాటుగా అనేస్తుంటాం. పైన చెప్పిన జిమ్మీ హాలండ్ దీన్ని సానుకూల ఆలోచనల నిరంకుశత్వం అన్నారు. ఆ మాట విన్న రోగి ఆ తర్వాత ఏడుపు వస్తే ఆపుకుంటారు, భయమేస్తే దాచుకుంటారు. జబ్బు ముదిరితే, తాను తగినంత ధైర్యంగా లేకపోవడం వల్లనే ముదిరిందని తనను తానే నిందించుకుంటారు. పొగాకు వాడి నోటి క్యాన్సరో ఊపిరితిత్తుల క్యాన్సరో వచ్చినవారికి ఈ నింద రెట్టింపు, వారికి జాలి చూపేవారు కూడా ముందు ఆ ప్రశ్నే అడుగుతారు కాబట్టి. దిగులు పడినంత మాత్రాన కణితి పెరగదని మీ నోటి నుంచి ఒక్కసారి వింటే ఎంత బరువు దిగుతుందో మీరు ఊహించలేరు.

ఈ సందర్భంలో నిజాయితీగా మరో మాట కూడా చెప్పాలి. మానసిక సహాయం అందిస్తే రోగులు ఎక్కువ కాలం బతుకుతారన్న వాదనతో మిమ్మల్ని ఒప్పించడానికి నేను ప్రయత్నించడం లేదు. 1989లో అమెరికా మానసిక వైద్యుడు డేవిడ్ స్పీగెల్ బృందం, ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలు వారం వారం ఒక బృందంగా కలిసి మాట్లాడుకుంటే ఆయుర్దాయం పెరిగిందని ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఆశపడింది. అదే పద్ధతిని 235 మంది స్త్రీలపై కెనడాలో పరీక్షించిన ఫలితాలు 2001లో వచ్చాయి. ఆయుర్దాయంలో తేడా కనబడలేదు, కానీ మానసిక బాధ తగ్గింది, నొప్పి తీవ్రత కూడా తగ్గింది. నాకు ఆ రెండో మాట చాలు. నొప్పి మందు ఆయుష్షు పెంచుతుందా అని అడిగి ఎవరూ ఇవ్వరు. నొప్పినీ ఇతర బాధలనూ తగ్గించి రోగికి ఉపశమనం ఇచ్చే పాలియేటివ్ కేర్ విషయంలో మాత్రం ఇంకొంచెం ఎక్కువ చెప్పవచ్చు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై బోస్టన్‌లో జరిగి, 2010లో వెలువడిన అధ్యయనంలో, నిర్ధారణ అయిన కొద్ది వారాల్లోనే మామూలు చికిత్సతో పాటు పాలియేటివ్ కేర్ మొదలైనవారిలో డిప్రెషన్ లక్షణాలు 16 శాతం మందిలోనే కనబడ్డాయి, మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో 38 శాతం మందిలో కనబడ్డాయి. మొదటి వర్గంవారు సగటున రెండు నెలలకు పైగా ఎక్కువ కాలం జీవించారు కూడా. అయినా పాలియేటివ్ విభాగం పేరు ఎత్తితే చాలు, ఇక ఆశ వదులుకున్నట్టేనని రోగి కుటుంబమే కాదు, పంపే వైద్యుడు కూడా అనుకునేచోట అది చివరి వారంలో గానీ మొదలు కాదు.

సామాజిక సహాయం అనగానే విరాళాలు గుర్తుకు వస్తాయి. అవసరమే. జబ్బు డబ్బును ఎలా హరిస్తుందో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో క్యాన్సర్ వచ్చినవారు, రానివారికంటే 2.65 రెట్లు ఎక్కువగా దివాలా తీసినట్టు 2013లో ఒక పరిశోధన తేల్చింది. కానీ చేతికి డబ్బు ఇవ్వలేని ఆసుపత్రి కూడా చేయగలిగింది చాలా ఉంది. చికిత్సకు మొత్తం ఎంత అవుతుందో, అందులో బీమా గానీ ప్రభుత్వ పథకం గానీ ఎంత భరిస్తుందో మొదటే చెప్పడం, దరఖాస్తులకు కావలసిన ధ్రువపత్రాలు ఒకేసారి సంతకం చేసి ఇవ్వడం, దూరం నుంచి వచ్చేవారికి రక్తపరీక్ష, డాక్టరు, ఇంజెక్షన్ మూడూ ఒకే రోజున ఉండేలా చూడడం, ఉద్యోగికి ఎన్ని నెలల సెలవు కావాలో, తిరిగి చేరాక ఎటువంటి పని చేయగలరో యజమానికి రాసివ్వడం. మందులు మధ్యలో మానేసేవారందరూ అవగాహన లేనివారు కారు. బండి చార్జీలు లేక మానేసినవారిని నేను చూశాను, వారి ఫైలు మీద మాత్రం సహకరించని రోగి అని రాసి ఉంటుంది.

శరీరం మారిపోవడం గురించి వార్డులో దాదాపు ఎవరూ మాట్లాడరు. రొమ్ము తొలగించినవారు, మలం బయటికి వచ్చే సంచి పొట్ట మీద అమర్చినవారు, స్వరపేటిక తీసేసి గొంతు కోల్పోయినవారు, దవడ తీసేశాక నలుగురిలో తినలేనివారు ఇంటికి వెళ్ళాక తలుపు చాటున బతకడం మొదలుపెడతారు. దాంపత్య జీవితం గురించి అడగడానికి రోగికి సిగ్గు, చెప్పడానికి డాక్టరుకు సిగ్గు. పిల్లలు పుట్టే వయసులో ఉన్నవారికి కీమో మొదలుపెట్టక ముందే వీర్యాన్నీ అండాలనూ భద్రపరచుకునే అవకాశం ఉంటుందని చెప్పాలి. మొదలుపెట్టాక చెబితే చాలాసార్లు అప్పటికే ఆలస్యమైపోతుంది. ఇది సానుభూతి విషయం కూడా కాదు, సమాచారం పొందే హక్కు.

రోగి పక్కన ఉండే మనిషికి మీ రికార్డుల్లో అటెండెంట్ అన్న పేరు తప్ప మరో గుర్తింపు లేదు. మందులు వేళకు ఇచ్చేది, రాత్రి లేచి వాంతి పట్టేది, ఉద్యోగం మానుకునేది, బాగానే ఉన్నానని నవ్వేది ఆ మనిషే. కొందరిలో ఆందోళన రోగి కంటే ఎక్కువగా ఉంటుంది. వారిని కూడా విడిగా, రోగి వినని చోట, మీకెలా ఉందని అడగాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వారికి వయసుకు తగ్గ మాటల్లో ఎలా చెప్పాలో తల్లిదండ్రులకు నేర్పాలి, ఎందుకంటే చెప్పకపోతే పిల్లలు తమ అల్లరి వల్లనే అమ్మకు జబ్బు చేసిందని నిశ్చయించుకుంటారు. రోగి మరణించాక ఆ కుటుంబంతో ఆసుపత్రి సంబంధం బిల్లు చెల్లింపుతో తెగిపోతుంది. నెల తర్వాత వార్డు నర్సు నుంచి ఒక్క ఫోన్ వెళ్ళినా వారు జీవితాంతం గుర్తు పెట్టుకుంటారు.

అదే జబ్బును దాటి వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుంటే కలిగే మేలు మా వంటివారు కలిగించలేనిది. 1952లో అమెరికాలో టెరీస్ లాసర్ అనే మహిళ తనకు రొమ్ము తొలగించిన తర్వాత, అదే శస్త్రచికిత్స జరిగిన ఇతర స్త్రీలను వార్డుల్లో కలవడం మొదలుపెట్టింది. అప్పట్లో వైద్యుల నుంచి వ్యతిరేకత ఎదురైంది, తర్వాత అది దేశదేశాలకు పాకింది. అటువంటివారిని ఆహ్వానించండి. కాకపోతే వారికి శిక్షణ ఇవ్వండి. తన అనుభవమే అందరి అనుభవమని చెప్పకూడదనీ, మందుల గురించి సలహా ఇవ్వకూడదనీ, ఏ ఉత్పత్తినీ అమ్మకూడదనీ ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. స్వచ్ఛంద సేవకులున్నారు కదా అని జీతం ఇచ్చే ఉద్యోగాన్ని రద్దు చేయడం మాత్రం వద్దు.

సిబ్బంది లేరు, డబ్బు లేదు అన్న జవాబు నాకు తెలుసు. నిజమే, ప్రతి ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం తెరవడం రేపటికి అయ్యే పని కాదు. అందుకే నేను అడిగేది చిన్నదే. ఒక్క విభాగాన్ని ఎంచుకోండి, అక్కడ కొత్తగా వచ్చే ప్రతి రోగికి మొదటి సందర్శనలోనూ, చికిత్స ముగిసినప్పుడూ ఆ థర్మామీటర్ కాగితం ఇవ్వండి. అంకెను ఉష్ణోగ్రత, రక్తపోటు రాసే వరుసలోనే రాయించండి, అప్పుడు రౌండ్లకు వచ్చే వైద్యుడు చూడక తప్పదు. ఒక నర్సుకు శిక్షణ ఇప్పించి, ఆమె వారపు పనిగంటల్లో సగం దీనికే కేటాయించండి, మరొకరు సెలవు పెట్టినప్పుడు ఆ గంటలను లాక్కోకండి. ఆమెను వారానికొకసారి ఫోన్‌లోనైనా పర్యవేక్షించే మానసిక వైద్యుడితో ఒప్పందం చేసుకోండి. తలుపు వేసుకుని మాట్లాడుకోవడానికి ఒక గది ఇవ్వండి, స్టోర్ రూమ్ ఖాళీ చేసి ఇచ్చినా సరే. ఆరు నెలల తర్వాత 4 లేదా అంతకంటే ఎక్కువ అంకెలు ఎన్ని వచ్చాయో, వారిలో ఎందరితో ఎవరైనా కూర్చుని మాట్లాడారో, ఎందరు చికిత్స మధ్యలో మానేశారో లెక్క తీసి మీ గోడ మీద అందరికీ కనబడేలా అతికించండి. ఆ శిక్షణలో భాగం పంచుకోవడానికి నాతో పాటు ఈ పనిలో ఉన్న చాలామంది సిద్ధంగా ఉన్నాం, పిలిస్తే వస్తాం.

భవదీయురాలు,
క్యాన్సర్ వార్డుల్లో పనిచేస్తున్న ఒక సోషల్ వర్కర్